నోరు తెరవమన్న మనిషి

కూరెకుప్ప

ప్రేమగల పుష్పక్కకు,

నోటితో చెప్పలేక రాస్తాండా.

సంగీతం క్లాసుకు పోతాండానంటే నవ్వుతావేమో. ఈ వయసులో, చిన్నపిల్లోళ్ళ మధ్య చాప మీద కూర్చొని స, ప, స అంటాండా. టీచర్ అక్షత నా బిడ్డంత ఉంటుంది. "బాయి తెరీరి ఆంటీ" అని కన్నడంలో గదమాయిస్తుంది, నోరు తెరవమని. చిన్నప్పుడు మిరపచేనులో అందరూ పాడతాంటే అమ్మ నన్నొక్కదాన్నే నోరు మూయమనె, కాకిగొంతని. పెళ్ళయినాక మా అత్తా అదే అనె. నోరు తెరవమన్న మనిషిని ఇప్పుడు చూస్తి. మీ మరిది గురురాజ్ మాత్రం "ఏందే, రేడియోలో పాడతావా?" అని ఎగతాళి.

నేర్చుకునేకొద్దీ గొంతు బొంగురుపోయె. ఈడి గనుల ఎర్రదుమ్ము అనుకుంటి. అక్షత ఒప్పుకోలే. బళ్ళారికి తీసుకపోయి డాక్టరుకు చూపించె. స్వరపేటికలో క్యాన్సర్ గడ్డంట. పేటికంతా తీసేయాలంట. మెడకు రంధ్రం పెడతారు, ఊపిరి దాన్లోనుంచే. మాట ఉండదు. తీయకుంటే ప్రాణం ఉండదు.

అక్కా, నేను వద్దనుకున్నా. ఆయనకు చెప్పలే, నువ్వూ చెప్పొద్దు. ఇన్నేళ్ళకు దొరికిన గొంతును కోసిచ్చి మూగదాన్నై బతికేకన్నా, ఉన్నన్నాళ్ళు పాడుకొని పోతా.

నీ చెల్లెలు
మహాదేవి


ఆసుపత్రి, బళ్ళారి

పుష్పక్కా,

నేను అన్న మాట మీద నిలబడలే.

ఒకనాడు పొద్దున రొట్టెలు చేస్తాంటే ఊపిరి ఆడకపాయె. పొయ్యి ముందర పడి కొట్టుకుంటి. పాడుకొని పోతానని రాస్తినే, సావు అట్ల రాదక్కా. పాట వద్దు, మాట వద్దు, ఇంత గాలి ఇయ్యి సామీ అని మొక్కితి. మీ మరిది ఆటోలో ఒళ్ళో పెట్టుకొని తెచ్చె. ఆక్సిజన్ పెట్టి, సూదులేసి నిలబెట్టిరి. ఆయనకు అంతా అప్పుడే తెలిసె.

"నాకెందుకు చెప్పలేదే?" అనె.

"నువ్వెప్పుడు విన్నావప్పా?" అంటి. ఆపరేషన్‌కు నేనే సరే అంటి.

ఆపరేషన్ రోజు పొద్దున అక్షత వచ్చె. "పాడండి ఆంటీ" అనె. వార్డులో అందరి ముందర, మంచం మీద కూర్చొని స అంటి. ప కాడ గొంతు చీలిపోయె. పక్క మంచం ముసలామె కళ్ళు మూసుకొని వింటాండె. మీ మరిది గోడపక్కకు తిరిగి నిలబడె. నా పాట ఆయన విన్నది అదొక్కతూరే.

ఇప్పుడు మెడకు రంధ్రం ఉండాది. ధైర్యంగా ఉండానని రాయను. బతికినందుకు సంతోషమూ లేదు, సచ్చిపోవాలనీ లేదు. ఏడిస్తే సద్దు కూడా లేదక్కా, కళ్ళనీళ్ళు మాత్రం వస్తాండాయి. ఆయన మంచం కాడ కూర్చొని నా పెదాలే చూస్తాంటాడు, నేనేమంటానో అర్థం చేసుకునేదానికి. సగం తప్పులే. అయినా చూస్తాంటాడు.

నువ్వు ఫోన్ చెయ్యి. నువ్వే మాట్లాడు. నీ మోకాళ్ళ నొప్పి గురించో, మీ కోడలి గురించో, ఏదైనా చెప్పు. వింటాండానని గోటితో ఫోన్ మీద కొడతా. ఆ సద్దు నాదే.

నీ
మహాదేవి