ఆంజినమ్మ ఆడిన ఆట

నల్లమాడ,
12-2-1958

చిరంజీవి అల్లుడు ఈరన్నకు మామ తిప్పన్న దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనొక్కణ్ణే. మేత లేక బర్రెను కూడా కదిరి సంతకు తోలేసినాను. నాకు రాత అంతంతమాత్రం, సర్దుకొని చదువుకో.

నీ కార్డు చేరింది. పాప ఆంజినమ్మ గుంతకల్లులో ఎవరితోనూ మాట్లాడటం లేదని, సరిగ్గా తినడం లేదని రాసినావు. ఇదంతా నీ నాటకం వల్లనే మామా, పసిపిల్లకు పొడుచుకోవడం చంపుకోవడం చూపించి చెడగొట్టినావు, మా రైల్వే క్వార్టర్స్‌లో చదువుకున్నవాళ్ళంతా అదే అంటున్నారు అని కూడా రాసినావు. అననీ. అంతకు ముందు పాప ఎట్లా ఉండిందో వాళ్ళకేం తెలుసు? నీకు మాత్రం తెలుసా?

నా కూతురు సిద్దమ్మ ఇక్కడ నా ఇంట్లోనే జ్వరంతో పోయినప్పుడు పాప ఏడవలేదు. ఆ తరువాత నోరే తెరవలేదు. పక్కింటి చెన్నమ్మ బెల్లం చూపించింది, గిల్లి కూడా చూసింది. ఊహూ.

పోయిన ఉగాదికి మా ఊరి నాటకం వచ్చింది. ఎప్పటిలాగే రాక్షసుడి వేషం నాది. ఈటె పోటుకు నా రొమ్ము మీది తిత్తి పగిలి కుంకుమ నీళ్ళు చిమ్మినాయి. వెల్లకిలా పడినాను. పిల్లలు కెవ్వుమన్నారు. చచ్చి పడిన వేషగాడు, వాని ఇంటి మనిషి వచ్చి ముఖం మీద పసుపు నీళ్ళు చల్లేదాకా లేవకూడదు. అది మా ఊరి కట్టుబాటు. ఏటా సిద్దమ్మ చల్లేది. ఈసారి పాపను పంపినారు. చల్లింది. నేను కళ్ళు తెరవగానే మీసాలు పట్టి లాగి, నువ్వు లేసినావే తాతా, అమ్మ ఏంటికి లేయలే అని అరిచింది. నాది ఆట, మీ అమ్మది ఆట కాదు పాపా అని చెప్పినాను. అప్పుడు ఏడ్చింది. నాటకం ఆగిపోయేటట్టు ఏడ్చింది.

మరునాటి నుంచి మాట వచ్చింది. రోజూ వాకిట్లో కందికట్టె పట్టుకొని, పడు, నిన్ను పొడిసేస్తా అనేది. పడేవాణ్ణి. నా నడుము సంగతి నాకే ఎరుక. పొడవడం అయిపోతే సంగటి ముద్ద అడిగి మరీ తినేది.

అట్లా పొడుస్తున్నప్పుడే నువ్వు వచ్చినావు. చావు, చావు అంటుంటే విని, బిడ్డను రాక్షసిని చేసినావు గదా మామా అని దాన్ని ఈడ్చుకుపోయినావు. పాప వెనక్కి తిరిగి చూస్తానే పోయింది. నేను పడినవాణ్ణి పడినట్టే ఉండిపోయినాను.

లోపల ఉన్న కోపం ఆ పిల్ల గొంతుకు అడ్డం పడింది ఈరన్నా. కట్టె చేతికిస్తే బయటకు కక్కింది. నాకు తెలిసింది ఇంతే.

ఈ ఉగాదికి మళ్ళీ నాటకం ఉంది. పాపను తీసుకురా. అల్లుణ్ణి బతిమాలే మామను కాను నేను. ఇల్లు మాత్రం అలికించి పెట్టినాను.

ఇట్లు,
నీ మామ తిప్పన్న
(వేలిముద్ర కాదు, సంతకమే)

తా.క. మరిచిపోయి ఇక్కడ రాస్తున్నానంటే అబద్ధం. దాచినాను. వాకిట్లో పాప నాకు ఏనాడూ రాక్షసుడి వేషం ఇవ్వలేదు. గూడ్సు బండి డ్యూటీ అని చెప్పి, సిద్దమ్మను మట్టి చేసినాక వచ్చినావే, ఆ నీ వేషమే ఇచ్చేది. నువ్వు మా నాయనవి, పడు అనేది. పొడిచేది. పొడిచిన ప్రతిసారీ తనే చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముఖాన చల్లి, లెయ్ నాయనా, లెయ్ అని లేపేది.

ఆ రోజు నీళ్ళు చల్లకముందే నువ్వు ఈడ్చుకుపోయినావు.