మొగోళ్ల ముందట కట్టు పరదా

నువ్వు మాట తప్పావు శాంతమ్మా. ఆడవాళ్ల స్నేహం మీద సినిమా వస్తే కలిసి చూద్దామన్నావు, నిరుడు దవాఖానలో కళ్లు మూసుకున్నావు.

ఆ సినిమా ఇప్పుడొచ్చింది. ఇద్దరు నేస్తులు పాటలతోనే పెళ్లికొడుకును ఏడిపించి, చివరికి చేతులు పట్టుకుని రైలెక్కేస్తారు. మన ఆడవాళ్ల బెంచీలన్నీ పగలబడి నవ్వాయి.

మొగోళ్లకు మనం కనబడకుండా మన బెంచీల ముందు కట్టిన పరదాను దీపాలారగానే ఎత్తుతారు కదా, టాకీసు మేనేజరు దాన్ని ఆట మధ్యలోనే దించేశాడు.

"మీ నవ్వులకు మొగోళ్లకు పాట ఇనబడ్తలేదమ్మా!"

"అయితే మొగోళ్ల ముందట కట్టు నీ పరదా!" అన్నాను. నువ్వుంటే ఇంకా గట్టిగా అనేదానివి.

రేపు బస్తీ ఆడవాళ్లమంతా వెళ్లి అడుగుతాం:

పరదా పీకేయాలి.
సినిమా ఇంకో వారం ఆడాలి.
మా నవ్వు జోలికి రాకూడదు.
నా పక్కన నీ చోటు ఖాళీగా ఉంచాలి.