కోకిలక్క కావడి

11 జూలై 1983, తిరుత్తణి

మద్రాసు నుంచి ఇప్పుడే దిగాం. ఒళ్ళు మండిపోతోంది. డాక్టరు అంత విడమరిచి చెప్పాడు: అక్క కండల సెల్స్‌లో మైటోకాండ్రియా సరిగ్గా పనిచేయడం లేదు. తిన్నది శక్తిగా మారడం లేదు. అందుకే కండ కరిగిపోతోంది, కనురెప్పలు వాలిపోతున్నాయి. వయసు మీద పడితే అందరి కండల్లోనూ ఇలాంటిదే కొంత జరుగుతుందేమోనట. మందు లేదు. కడుపు ఖాళీగా ఉంచకండి, అలసిపోనివ్వకండి అన్నాడు. ఏకాంబరం బావ అడిగింది ఒక్కటే, మళ్ళీ మగ్గం ఎప్పుడు ఎక్కుతుందని. ముప్పై ఒకటో ఏటే యాభై దాటినట్టున్న పెళ్ళాన్ని పక్కన పెట్టుకుని!

14 జూలై

బావ తల్లి చెంగమ్మత్త తీర్పు: "మైటో లేదు, గీటో లేదు పాపా. ఒళ్ళు వొంగదు దానికి. కూసున్న చోటే కన్ను మూస్తాది."

బి.ఎస్సీ. జువాలజీ చదివి, ఉద్యోగం లేక అక్క ఇంట్లో తింటున్నదాన్ని. తలుపు విసిరి వేశాను. అంతే చేయగలిగాను.

21 జూలై

అక్క పేరున అత్త మొక్కేసుకుంది. మురుగన్ పండగ ఆడికృత్తికకు ముందు మూడు దినాలు పస్తు, ఆ తర్వాత కావడి ఎత్తుకుని కొండెక్కాలి. డాక్టరు మాట గుర్తు చేశాను. "సామి కన్నా డాక్టరు పెద్దోడా? నాలుగక్షరాలు సదివినావని పేచీ పెట్టొద్దు" అన్నాడు బావ.

31 జూలై

పస్తు మొదలైంది. వంటింటి వెనక గ్లూకోజ్ కలిపి ఇచ్చాను. అక్కే గ్లాసు తోసేసింది! "కావడి ఎత్తుకుంటే అందురూ దారి ఇడుస్తారు పాపా. ఆ ఒక్క దినమన్నా నన్ను ఒళ్ళొంగని సోంబేరి అనరు."

పోట్లాడాను. చివరికి ఏడ్చింది నేను.

2 ఆగస్టు

అక్క గోడ పట్టుకుని నడుస్తోంది. వీళ్ళకది భక్తిలా కనిపిస్తోంది.

3 ఆగస్టు, మధ్యాహ్నం

సగం మెట్ల దగ్గర అక్క తొడలు దడదడా వణికాయి. తల వెనక్కి వాలింది, రెప్పలు మూతపడ్డాయి. "వచ్చేసినాడు! మురుగన్ వచ్చేసినాడు!" అని ఎవరో కేక పెట్టారు. పంబలు మోగాయి. అత్త కర్పూరం వెలిగించింది. ఆడవాళ్ళు అక్క కాళ్ళ మీద పడ్డారు. ఒకామె కూతురికి పెళ్ళెప్పుడని అడుగుతోంది! కావడి నేలకు తగలకూడదని బావ ముందుగా దాన్నే పట్టుకున్నాడు. అక్క తల మెట్టుకు తగిలింది. నీళ్ళు పట్టబోతే "సామి ఉండంగా ముట్టొద్దు" అని నా చెయ్యి లాగేశారు. అది సామి కాదు, ఆకలి అని అరిచాను. ఆ హోరులో నాకే వినపడలేదు.

4 ఆగస్టు

అక్క మంచం దిగలేకపోతోంది. వాకిట్లో జనం. నిన్న జట్కాలో అక్క తల నా ఒళ్ళోనే ఉంది గనుక, సామి ఏం చెప్పినాడని అత్త నన్నే అడిగింది.

మూడు పూటలా అన్నం పెట్టమన్నాడు, మగ్గం ఎక్కనివ్వొద్దన్నాడు అని చెప్పాను.

అత్త చెంపలు వేసుకుని పొయ్యి రాజేసింది.