కర్పూరం వాసన వచ్చిన ఆకు

హైదరాబాద్,
9-2-2003

ప్రియమైన బావకు,

ఇక్కడ నేను బాగున్నాను, అక్కడ నువ్వూ అత్తా బాగున్నారని తలుస్తాను. ఈ ముక్క రాయకపోతే అత్త ఉత్తరం చదివించుకుని "మంచి చెడు అడగదాయె పోరి" అంటుంది, అందుకే ముందే రాసేశాను.

ఎప్పుడొచ్చినా "ఆ తులసితో ఇన్నేళ్లు ఏం చేస్తున్నవే" అని అడుగుతావు కదా. విను. కృష్ణతులసి, భూతులసి, కుక్కతులసి అన్నీ అక్కచెల్లెళ్లు. ముఖాలు కలుస్తాయి, గుణాలు కలవవు. కాండం రంగు, ఆకు మీది నూగు, గింజ చూసి కొంత విడదీస్తాం. ఆకులోని నూనెను యంత్రానికి ఎక్కించి ఇంకొంత తెలుసుకుంటాం. కృష్ణతులసి నూనెలో యూజినాల్ ఎక్కువ, లవంగం వాసన దానిదే. అప్పటికీ అనుమానం తీరకపోతే డీఎన్‌ఏ చూస్తాం. దాని దగ్గర ఎవరి మాటలూ చెల్లవు.

బొగ్గు దుమ్ము పడిన చోట కృష్ణతులసి నూనె మారుతుందా అన్నది నా పరిశోధన. పది చోట్ల పది మొక్కలు పెట్టుకున్నాను. మన క్వార్టర్ ముందు తులసి గద్దెలో ఉన్నదే వాటిలో ముఖ్యం. బొగ్గు లారీల రోడ్డుకు అంత దగ్గరగా మరొకటి లేదు. జనవరి నుంచి డిసెంబర్ దాకా ప్రతి నెలా అదే మొక్క ఆకు నాకు కావాలి. మధ్యలో మొక్క చచ్చిందంటే మళ్లీ మొదటి నుంచి ఏడాది. నేను గోదావరిఖని వదిలి ఇది నాలుగో ఏడు బావా. ఇంకో ఏడాది అంటే నా వల్ల కాదు.

నీళ్లు తప్ప దానికి ఏమీ వేయకు. పురుగు పట్టినా సరే, నాకు రాయి.

నీ
రాజకుమారి

గోదావరిఖని,
16-4-2003

ప్రియమైన రాజీకి,

నాలుగో నెల ఆకు పంపుతున్నాను. నువ్వు చెప్పినట్టే నీడలో ఆరబెట్టి, ఒక్కో ఆకునూ పేపర్ల మధ్య పెట్టాను. పోస్టాఫీసులో "ఏంది ఉపేందర్, పెండ్లానికి పూజ పంపుతున్నవా" అంటున్నారు. పక్క క్వార్టర్ లస్మవ్వ అయితే గల్లీ అంతా చెప్పింది: "పెండ్లాం పట్నంల సదువుతది, మొగడు ఈడ తులసికి నీళ్లు పోస్తడు." పోస్తే పోశానులే, తప్పేముంది.

అమ్మ వచ్చే వారం పెద్దపల్లి దగ్గర అక్కవాళ్ల ఊరికి పోతోంది. రెండు నెలలు అక్కడే. ఇంట్లో నేనొక్కడినే. బొగ్గు బాయిలో మొదటి షిఫ్టు దిగి వచ్చాక పొద్దు గుంకేదాకా ఏం చేయాలో తోచదు. గద్దె చుట్టూ తిరుగుతాను. లోపలికి పోతాను, మళ్లీ వస్తాను. చిగుర్ల మీద ఏదో చిన్న పురుగు కనబడుతోంది. పెద్దగా లేదులే, నువ్వు ఫికర్ చేయకు.

డిసెంబర్‌కు ఇంకా ఎనిమిది నెలలు.

నీ
ఉపేందర్

హైదరాబాద్,
20-6-2003

ప్రియమైన బావకు,

పురుగు సంగతి మళ్లీ రాయలేదేం? మే నెల ఆకూ, జూన్ ఆకూ అందాయి. రెండూ నలిగి పిండయ్యాయి. నాలుగు నెలలు అంత ముచ్చటగా పంపినవాడివి, ఇప్పుడేమైంది? పొడిలో ఆకు అంచు తెలియదు, నూగు తెలియదు. ఇంకో విచిత్రం, కవరు విప్పగానే కర్పూరం వాసన గుప్పుమంది. హాస్టల్లో నా పక్క మంచం వేదిక "మీ ఆయన హారతి కూడా పంపాడా" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. కాండం ఇంకా ఊదారంగులోనే ఉందా? ఆకు మీద తెల్ల నూగు ఏమైనా ఎక్కువైందా? మొక్క దగ్గర నిలబడి చూసి రాయి, గుర్తుమీద రాయకు.

నీ
రాజకుమారి

గోదావరిఖని,
2-7-2003

ప్రియమైన రాజీకి,

ఆకు నలిగింది నా తప్పే. ఎండ మండిపోతోంది, చేత్తో ముట్టుకుంటేనే పొడి అవుతోంది. వాసన అంటావా, కర్పూరం బిళ్లలు చుట్టి ఉన్న కాయితంలో మూట కట్టాను, తోచక. రంగు అదే. నూగు ఎప్పటిలాగే. ఏమీ మారలేదు.

అమ్మ తిరిగి వచ్చింది. మోకాళ్లు నొస్తున్నాయంటోంది. వానలు ఇంకా పడలేదు. డిసెంబర్ ఆఖరుకు అయిదు నెలల ఇరవై తొమ్మిది రోజులు.

నీ
ఉపేందర్

హైదరాబాద్,
14-9-2003

ప్రియమైన బావకు,

ఈ ఉత్తరం కూర్చుని రాయలేకపోతున్నాను, వరండాలో అటూ ఇటూ తిరుగుతూ మధ్య మధ్య రాస్తున్నాను. మన ఆకుల ఫలితాలు వచ్చాయి. ఏప్రిల్ దాకా యూజినాల్ నిండుగా ఉంది. మే నుంచి దాదాపు లేదు. ఆ చోట కర్పూరం ఉంది! నువ్వు చెప్పిన కాయితం వాసన కాదు బావా, ఆగస్టు ఆకును కొత్త కవర్లో పంపమన్నాను కదా, అందులోనూ అంతే. ఆకు లోపలి నుంచే వస్తోంది.

మా గైడ్ వామనరావు సార్ తెలుసు కదా, మంథని వారు. ఎప్పుడూ మెచ్చుకోని మనిషి. కాయితాలు చూసి లేచి నిలబడ్డారు. "బొగ్గు దుమ్ముకు తులసి గుణమే మారిందంటే చిన్న మాట కాదమ్మా" అన్నారు. జనవరి సదస్సులో నన్నే మాట్లాడమన్నారు. సంక్రాంతి దాటాక థీసిస్ ఇచ్చేయవచ్చట. ఆపైన నేను మన ఇంట్లోనే.

సంతోషించాలి కదా? కానీ పడుకుంటే కళ్లు మూతపడవు. మిగతా తొమ్మిది మొక్కల్లో ఏ మార్పూ లేదు, మనదొక్కటే ఇంతలా ఎందుకు మారింది? ఒక పూత వెన్ను పంపు, గింజలు చూడాలి.

నీ
రాజకుమారి

గోదావరిఖని,
1-10-2003

ప్రియమైన రాజీకి,

సార్ మెచ్చుకున్నారంటే చాలు కదా. ఇంకా ఏం చూస్తావు? పూత రాలిపోయింది, గింజలు లేవు. వచ్చిన ఫలితం రాసి ఇచ్చేసి రా. మనకు ఈ నాలుగేళ్లు చాలు.

నీ
ఉపేందర్

హైదరాబాద్,
23-11-2003

ఉపేందర్ బావకు,

పోయిన వారం మన గల్లీ సదయ్య కాక పట్నం వస్తూ అత్త ఇచ్చిన సర్వపిండి డబ్బా తెచ్చాడు. అడుగున చిన్న గుడ్డ మూట ఉంది. విప్పితే పూత వెన్ను. రాలిపోయిందన్నావే!

గింజలు నల్లగా ఉన్నాయి. నీళ్లలో వేశాను, కాసేపటికి ఒక్కోటీ తెల్లటి జిగురు కట్టి ఉబ్బింది. కృష్ణతులసి గింజ అంత ఉబ్బదు. వెంటనే జనవరి ఆకునూ అక్టోబర్ ఆకునూ పక్కపక్కన పెట్టి డీఎన్‌ఏ తీశాను. జెల్ అనే జిగురు పలక మీద నిచ్చెన మెట్లలా గీతలు పడతాయి. ఒకే మొక్క అయితే మెట్టుకు మెట్టు కలవాలి. సగం కూడా కలవలేదు. మే నుంచి నువ్వు పంపింది కుక్కతులసి. గుణం మారలేదు, మొక్కే మారింది.

మన గద్దెలో కుక్కతులసి ఎలా ఉంటుంది? ఆకులు ఎవరింటి నుంచి తెస్తున్నావు? అసలు మన క్వార్టర్‌లోనే ఉంటున్నావా? పిచ్చి పిచ్చి ఆలోచనలు వస్తున్నాయి. నాలుగేళ్లు దూరంగా ఉన్న ఆడదానికి వచ్చే ఆలోచనలన్నీ వస్తున్నాయి. నిజం రాయి. ఎంత చెడ్డదైనా సరే.

రాజకుమారి

గోదావరిఖని,
29-11-2003

రాజీ,

నువ్వనుకున్నవి ఏవీ కావు. నేను మన ఇంట్లోనే ఉన్నాను. ఇక్కడ నువ్వు తప్ప అందరూ ఉన్నారు.

ఏప్రిల్ చివర్లో పురుగు మొక్కంతా పాకింది. నీకు రాసి, నువ్వు రాసి, అది వచ్చేసరికి మొక్క ఉండదనిపించింది. మా ఊళ్లో పురుగు పడితే అమ్మ పొయ్యిలో బూడిద చల్లేది, రెండు రోజుల్లో పోయేది. నేనూ పొయ్యి దులిపి చల్లాను, మొక్క మొదట్లో కూడా పోశాను. మన పొయ్యిలో కాలేది కట్టె కాదు, కంపెనీ బొగ్గు, ఆ బూడిద వేళ్లను మాడ్చేస్తుందన్న సంగతి నాకు తట్టనే లేదు. బొగ్గు తవ్వి బతికేవాణ్ణి! అయిదో రోజుకు ఆకులన్నీ మాడిపోయాయి. ఎన్ని నీళ్లు పోసినా లేవలేదు.

నువ్వు రాసిన మాటే చెవిలో మోగింది, మళ్లీ మొదటి నుంచి ఏడాది అని. ఇంకొకరి గద్దెలో తులసిని పీకకూడదు కదా. బొగ్గు బాయి మట్టి పోసిన గుట్ట కింద, బాయి నీళ్లు పారే కాలువ పక్కన ఒకటి అంతే ఎత్తున కనబడింది. తులసి వాసనలాగే ఉందనుకున్నాను. తెచ్చి పెట్టాను. ఆకులు తేడాగా ఉన్నాయని నాకూ తెలుసు, అందుకే నలిపి పంపాను.

అమ్మ ఊరి నుంచి వచ్చి సంచి కింద పెట్టకముందే అడిగింది: "గిదేందిరా, గద్దెల కుక్కతులసి పెట్టినవ్?" నీకు చెప్పవద్దని కాళ్లు పట్టుకున్నాను. మొన్న కార్తీకంలో తులసి పెండ్లి నాడు గల్లీ అంతా దీపాలు పెట్టారు, అమ్మ మన గద్దె వైపు కూడా పోలేదు. "దొంగ తులసికి నేను ఉసిరికొమ్మ పెట్టనురా" అంది. ఆ మర్నాడే వెన్ను తెంపి దాచింది కావచ్చు.

నిన్ను ఏడాది ముందు రప్పించుకుందామనుకున్నాను రాజీ. అంతే.

ఉపేందర్

హైదరాబాద్,
7-12-2003

బావా,

ఎంత కోపం వచ్చిందో చెప్పను. అత్త నిమిషంలో చెప్పిన మాట నేను ఏడు నెలలు యంత్రాలకు ఎక్కించి తెలుసుకున్నాను. ఏడ్చాను. తర్వాత నువ్వు చచ్చిన మొక్కకు నీళ్లు పోయడం కళ్లముందు కనబడి ఇంకోసారి ఏడ్చాను. అప్పుడు కోపం లేదు.

ఇప్పుడు ఇంకో మాట. జెల్ ఫోటో నా దగ్గర మాత్రమే ఉంది. సార్‌కు చూపించలేదు. నీ ఉత్తరం అందినప్పటి నుంచి రోజూ ఆయన గది దాకా పోతున్నాను, తలుపు ముట్టుకోకుండా తిరిగి వస్తున్నాను. ఆ ఫోటో చించేస్తే సంక్రాంతి తర్వాత నేను మన ఇంట్లో ఉంటాను. చూపిస్తే మన గద్దెలో కొత్త మొక్కతో మళ్లీ జనవరి నుంచి డిసెంబర్. తప్పని నాకు తెలుసు. ఇంత చదివి ఇలా రాస్తున్నందుకు సిగ్గుగా ఉంది. అయినా నాకు ఇక ఈ గది వద్దు, ఈ మంచం వద్దు. అత్త మనవల కోసం అడగడం మానేసింది, అది నాకు తెలియదనుకుంటున్నావా?

నేను ఒక్కదాన్నే తేల్చుకోలేను. నువ్వు "రా" అని ఒక్క మాట రాయి. వచ్చేస్తాను. వచ్చే సోమవారం, పదిహేనో తారీకు దాకా ఆగుతాను.

నీ
రాజకుమారి

హైదరాబాద్,
15-12-2003

ప్రియమైన రాజీకి,

పైన ఊరి పేరు చూసి తప్పనుకోకు. నేను మీ యూనివర్సిటీ గేటు పక్కన చాయ్ హోటల్లో కూర్చుని రాస్తున్నాను. డ్యూటీకి నాగా పెట్టి పొద్దుటి బండికి వచ్చాను.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని మూడు రోజులు బాయిలోకి దిగాను, ఎక్కాను. శనివారం అమ్మకు చదివి వినిపించాను. విని పొయ్యిలో బొగ్గు ఎగదోసింది. తర్వాత "రాయి బిడ్డా, రమ్మని రాయి. మరి నువ్వు జేసిన తప్పు ఆ పోరి నెత్తిన పెట్టుకొని జిందగీ అంత తిరుగుతది. మంచిగనే ఉంటదా?" అంది.

వామనరావు సార్‌ను కలిశాను. ఎవరు నువ్వు అన్నారు. "రాజకుమారి పెనిమిటిని సార్. ఆకు మార్చింది నేను" అన్నాను. బూడిద పోసిన కాడి నుంచి అంతా చెప్పాను. "ఆమెకు తెలుసా?" అని అడిగారు. అక్కడ అబద్ధం ఆడదామని నోటి దాకా వచ్చింది. ఆడలేదు. "తెలుసు సార్. ఇరవై దినాలైతుంది. నా మొఖం చూసి ఆగింది. తిట్టేదుంటే నన్ను తిట్టుండ్రి" అన్నాను.

ఆయన తిట్టలేదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "మొక్క పేరే తప్పయితే మీద కట్టిందంత కూలుతదయ్యా. ఇంకో ఏడాది పడతది, తెలుసా?" అన్నారు. తెలుసన్నాను. "జెల్ ఫోటో తీసుకొని రేపు రమ్మను. మిగతా తొమ్మిది మొక్కల పని పోలేదు" అన్నారు. లేచి వస్తుంటే పిలిచి, మంథని వైపు వానలు ఎట్లున్నాయని అడిగారు. మంచి మనిషి. నువ్వు భయపడకు.

నిన్ను అడగకుండా చేశాను. నీ చేతిలో ఉన్నది లాక్కున్నాను. దానికి నువ్వు ఎంత కోపం చేసినా పడతాను.

హాస్టల్ ముందు దాకా వచ్చాను. ఈ ఉత్తరం వాచ్‌మన్‌కు ఇచ్చి పోతాను, నీకు అందేసరికి నా బండి కాజీపేట దాటుతుంది. పిలిపించలేదు. నిన్ను చూస్తే పొద్దుటి నుంచి చేసిందంతా మరిచిపోయి చెయ్యి పట్టుకుని స్టేషన్‌కు తీసుకుపోయేవాణ్ణి.

ఒక్క మాట రాయమన్నావు. ఈ నాలుగేళ్లలో నీకు రాసిన ప్రతి ఉత్తరంలోనూ ఆ మాట రాసి కొట్టేసినవాణ్ణి నేను. నువ్వే అడిగిన రోజున రాయలేకపోయాను.

ఇప్పుడే రావద్దు రాజీ.

నీ
ఉపేందర్