ముప్పై ఒక్క శాతం

నంద్యాల, సోమవారం

అవ్వా, నీ మనవరాలు దీవెన రాసేది. ఆడ అందరూ బాగుండారనుకుంటా.

నిన్న ఈ ఉత్తరం రాస్తా యాడ ఆపినా? ఆ, కంప్యూటర్ కాడ. లింగమ్మ వార్డెన్ వచ్చిందని కాగితం మడిచేసినా. మా కాలేజీలో కొత్త ప్రోగ్రామ్ పెట్టినారు. ఎవురు పాసవుతారో, ఎవురు పోతారో పరీక్షకు రెండు నెలల ముందే చెప్తాదంట. క్లాసులో కూర్చునే మూడు సబ్జెక్టుల్లో నేను పాసయ్యేది ముప్పై ఒక్క శాతం. ఆన్‌లైన్‌వి రెండింట్లో ఎనభై ఎనిమిది. సాల్మన్ రాజు సార్ ఆ నంబర్లు చూసి నన్ను చూసినాడు, మళ్లీ నంబర్లు చూసినాడు.

నిజం చెప్పవ్వా. హాస్టల్లో ఫోన్ పెట్టుకోకూడదని నా ఫోన్ నీకిచ్చినా. వీడియో ఆన్ చేసి కిటికీలో పెట్టు, నా హాజరు పడుతుంది అన్నా, అంతే. నువ్వు ఏం చేస్తాండావ్?

నాయనకు ఏమీ చెప్పొద్దు. ఒక్క సబ్జెక్టు పోయినా చదువు మాన్పించి ఇంటికి తెస్తానన్నాడు కదా.

భయంతో,
దీవెన

తా.క. దీన్ని మన ఊరికొచ్చే సంజీవయ్య మామ చేతి సంచిలో అడుగున పెట్టినా. చదివి పొయ్యిలో వేయి. పోయినసారి ఉత్తరంలో బజ్జీలు కట్టి పంపినావు.

*

ఆళ్లగడ్డ, బుధవారం

దీవెనకు మీ అవ్వ జీవమ్మ ప్రభువు పేరిట రాసేది.

కిటికీలోనే పెట్టినా. కానీ ఫోన్‌లో ఆ సారు పాపం ఒక్కడే మాట్లాడుతాంటే వదిలేసి ఎట్లా పోయేది? ముందర కూర్చున్నా. అర్థమైందా అంటాడు. కాలేదప్పా అని వెనక్కి తిప్పుతా, మళ్లీ చెప్తాడు, ఇసుక్కోడు. కడాన నాలుగు జవాబులిచ్చి ఒకటి నొక్కమంటాడు. వాన నీళ్లు, నేల, పేడ ఎరువు. అరవై ఏండ్లు చేలోనే ఉండినదాన్ని, నాకు తెలీందేముంది? నొక్కతాండా.

నీ ముప్పై ఒకటి చదివి నిద్ర పట్టలేదు. ఆదివారం ప్రార్థనలో అందరి ముందర చదివేదానికి చీటీ రాసిచ్చేసినా.

మీ అవ్వ

తా.క. భయపడొద్దు, చీటీలో నీ పేరు రాయలా. శిరివెళ్ల దావలో పచ్చ ట్రాక్టర్ తోలే ఆయన కూతురు, నంద్యాల హాస్టల్లో ఉండే పిల్ల, అని మాత్రం రాసినా.

*

నంద్యాల, శుక్రవారం

అవ్వా,

ఆ దావలో పచ్చ ట్రాక్టర్ ఒక్కటే ఉంది.

ఇంకొక సంగతి. ఫోన్ ఆళ్లగడ్డలో ఉండేది చూసి, ఈ పిల్ల ఇంటికాడుంటే బాగా చదువుతాంది, క్లాసులో బెదురుతాంది, కాబట్టి ఇంటికే పంపి అన్నీ ఆన్‌లైన్‌లో చెప్తే పాసవుతుంది, అని కంప్యూటర్ చెప్పిందంట. సార్ నాయనకు లెటర్ రాస్తానంటాండాడు. నువ్వు బాగా చదివేకొద్దీ నేను ఇంటికి దగ్గరవుతాండా.

నాకు ముప్పై ఒకటి ఎందుకొచ్చిందో చెప్పనా? పొద్దున వేలిముద్ర మిషన్ కాడ మొగపిల్లోళ్లు గుంపుగా ఉంటారు. వాళ్లందరూ పోయినంక నేను వేలు పెడతా. అప్పటికి పది నిమిషాలు లేటు. దినామూ లేటే. క్లాసులో జవాబు తెలిసినా లేచి చెప్పను. నోరు తెరవని పిల్లకు కంప్యూటర్ ఏం వేస్తాది?

ఈడ నాకు భయమే అవ్వా. కానీ ఇంటికొచ్చేస్తే ఈ భయం ఎప్పుడు పోతాది? నేను ఈడే ఉండాల. దయచేసి రేపట్నుంచి తప్పులు నొక్కు.

దీవెన

తా.క. సందేహం ఉంటే నొక్కండి అని ఒక గుర్తు ఉంటాది. దాని జోలికి పోవద్దు.

*

ఆళ్లగడ్డ, మంగళవారం

దీవెనకు,

తప్పు నొక్కేదానికి వేలు రాలా. తెలిసి తెలిసి ఎట్లా నొక్కేది? పక్కింటి మస్తాన్‌బీ కూడా వచ్చి కూర్చుంటాంది, తప్పు నొక్కితే నవ్వుతాది. ఇప్పుడు తొంభై నాలుగు అని పడింది.

నీ ఉత్తరం చూసినంకనే ఆ సందేహం గుర్తు యాడుందో తెలిసింది. నొక్కినా. మీ సాల్మన్ రాజు సారే ఫోన్ చేసి, దీవెనా అన్నాడు. అవునప్పా అన్నా. గొంతేందమ్మా అట్లుంది, జలుబా అన్నాడు. మొదట్నుంచీ ఇంతేనప్పా అన్నా. మా నాయనకు లెటర్ రాయొద్దని బతిమాలినా. యాడుండావమ్మా అంటే, ఇంట్లోనే, బెండకాయలు తరుగుతాండా అన్నా.

మీ నాయన ఆదివారం ప్రార్థనలో చీటీ విన్నాడు. ఆమేన్ కూడా అన్నాడు. ఇంటికొచ్చినంక అర్థమైంది. గురువారం వచ్చి నిన్ను తెచ్చేస్తానంటాండాడు.

మీ అవ్వ

తా.క. సారు మంచోడు. జలుబుకు మిరియాల కషాయం తాగమన్నాడు.

*

నంద్యాల, శనివారం

అవ్వా,

నాయన నీకు సగమే చెప్పింటాడు, మిగతాది నేను చెప్తా.

గురువారం సార్ క్లాసులో హాజరు పిలుస్తా, దీవెన ఇంట్లో ఉంది కదా, అని నా పేరు దాటేసినాడు. నేను మూడో బెంచీలో ఉండా. ఆ పక్క వాకిట్లో నాయన వచ్చి నిలబడినాడు. ఇంక ఊరకుంటే ఇంటికే. లేచినా. "సార్, ఆ తొంభై నాలుగు మా అవ్వ సార్. ముప్పై ఒకటి నేను" అన్నా.

అరవై మంది నవ్వినారు. సార్ నవ్వలా. ఆన్‌లైన్‌వి రెండూ కొట్టేసినాడు. కాలేజీ ల్యాబులో మొదట్నుంచీ నేనే చేయాలంట. లెటర్ మాత్రం రాయనన్నాడు.

నాయన నన్ను వరండాలోకి పిలిచినాడు. పెట్టె సర్దుకోమంటాడనుకున్నా. "ఇంత గొంతు యాడ పెట్టుకొనుంటివే?" అన్నాడు. పరీక్షలయ్యేదాకా చూస్తాలే అని బస్సెక్కినాడు.

నిన్న మిషన్ కాడ మొగపిల్లోళ్ల మధ్యలోనే వేలు పెట్టినా. సాయంత్రానికి ముప్పై మూడు. ఎక్కువేం కాదు. కానీ పెరిగిన ఆ రెండూ నావి.

దీవెన

తా.క. తొంభై నాలుగొచ్చిన ఆమెను ఒకసారి క్లాసుకు పిల్చకరా, నేల గురించి పిల్లలకు చెప్తాది, అని సార్ నాయనతో అన్నాడంట. నువ్వు రావద్దు. వస్తే మళ్లీ అందరూ నన్నే చూస్తా...

తలుపు కొడతాండారు. లింగమ్మ వార్డెన్ గొంతు. ఎవురో ముసలామె గేటు కాడ చెప్పులిడిచి, క్లాసుకు లేటయింది బేగా పంపమని గొడవ చేస్తాందంట. వేలిముద్ర యాడ వేయాల అని అడుగుతాందంట.

కాగితాలు దిండు కింద పెడతాండా