నా పేరున పెట్టిన బియ్యం

చిరంజీవి అండాలుకు,

నీ బాపు బీరన్న మనసారా దీవించి రాయునది. ఇక్కడ మీ అన్న, వదిన, స్నేహలత, నేను, గొర్లు అందరం బాగానే ఉన్నాం. ఆలేరులో నువ్వు, అల్లుడు, పిల్లలు చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. ఫోన్‌లో నాకు మాట వినబడదని మన ఊరి మనిషితో ఉత్తరం పంపావు. ఈ జవాబు కూడా అతని చేతికే ఇస్తున్నాను.

మోకాళ్ల సంగతి అడిగావు. ఇప్పుడు మోకాళ్లకన్నా మెడే ఎక్కువ సతాయిస్తోంది. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పాల్సి వస్తోంది. నల్లా నీళ్లు తియ్యగా వస్తున్నాయి. కానీ ఫ్లోరైడు బోరు నీళ్లకు వంగిన ఎముకలు ఇక నిలబడవు కదా బిడ్డా.

పెత్రమాసనాడు, పోయిన పెద్దలకు ఇచ్చినట్టు, మీ అన్న పరమేష్ బతికున్న నా పేరున అయ్యగారికి బియ్యం ఇచ్చాడట, నిజమేనా అని అడిగావు. నిజమే. సద్దుల బతుకమ్మకు వచ్చి వాడి గల్లా పడతానన్నావు. తొందరపడకు. ముందు ఇది పూర్తిగా చదువు.

నీ మేనకోడలు స్నేహకు ఆలంపూర్ దిక్కు సంబంధం వచ్చింది. పిల్లవాడికి కరెంటు ఆఫీసులో నౌకరి. మనలాగే గొర్లున్న ఇల్లు. వాళ్లు చూడటానికి వచ్చే ముందు రోజు మీ అన్న నా మంచం పక్కన కూర్చున్నాడు.

"బాపూ, రేపు జర దొడ్డికాడ ఉండు. నువ్వు ఆలేరుల చెల్లె దగ్గరున్నవని చెప్తం."

"గీ రోగం నీళ్లతోని వచ్చిందిరా, రక్తంల లేదు."

"నాకెరుకనే. వాళ్లకెవరు జెప్పాలె? పిల్ల పండ్లు సూసినవా? నవ్వితే పచ్చగ కనబడ్తయి. నిన్ను సూస్తే, రేపు గీ పిల్ల గూడ గిట్లనే వంగుతదంటరు."

కాదనలేకపోయాను. నా కర్ర, మంచం మీ వదిన దొడ్లోకి చేర్చింది. మరునాడు స్నేహ పెదవులు విప్పకుండా నవ్విందట. పిల్ల నచ్చిందన్నారు.

పెత్రమాసకు పిల్లవాడి తండ్రి ఎల్లేశం కూరగాయలు, కొత్త ధోతి పట్టుకుని మళ్లీ వచ్చాడు. కొత్త వియ్యంకుల ఇంటి పెద్దకు తాను కూడా పెట్టాలన్నాడు. మీ అన్నకు తప్పలేదు. దొడ్డి తడిక సందులోంచి చూస్తూనే ఉన్నాను. అయ్యగారు పేరు అడిగితే, వాడు తల దించుకుని "బీరన్న" అన్నాడు. ఊరోళ్లు నలుగురు అక్కడే ఉన్నారు, ఎవరూ నోరు విప్పలేదు. అందరి ఇళ్లలోనూ పెళ్లి కావలసిన పిల్లలున్నారు.

తర్వాత స్నేహ విస్తరి తెచ్చింది. వెంట ఎల్లేశం ఉన్నాడు.

"జీతగానికి కడుపునిండ పెట్టు బిడ్డా, పుణ్యముంటది" అన్నాడు.

పిల్ల నా ముఖం చూడలేదు. "మల్లప్పా, తిను" అంది. ముందే నేర్చుకుని వచ్చినట్టుంది.

పుంటికూర వేసిన మాంసం, గారెలు. పోయినవాళ్లకు ఇష్టమైనవే వండుతారు కదా. మీ అమ్మ పోయాక నా ఇష్టం అడిగి ఈ ఇంట్లో ఎవరూ వండలేదు. నేను తిన్నాను అండాలూ. ఇంకో గారె కూడా అడిగాను.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. నన్ను చంపింది మీ అన్న కాదు. పిల్లను చూడటానికి వచ్చిన రోజే ఎల్లేశం గొర్లను చూద్దామని దొడ్లోకి వచ్చాడు.

"జీతముంటున్నవా తాతా? పేరేంది?"

"అవ్ పటేలా. మల్లప్ప."

"గీ ఇంటి పెద్దమనిషి యాడున్నడు? కనబడ్తలేడు."

ఆలేరు అందామనుకున్నాను. ఆలేరంటే, పోయి చూసొస్తానంటాడు. చచ్చినవాణ్ని ఎవరూ చూడబోరు కదా అనిపించింది.

"పోయిండు" అన్నాను.

"నీ లెక్కనే వంగి పోయిండా?"

"లేదు. నిటారుగ నడిచెటోడు. పాము కరిసింది."

అతను లోపలికి వెళ్లి అదే అన్నాడట. మీ అన్న ముఖం మాడిపోయిందట కానీ, అవునన్నాడు. ఆ రాత్రి వాడు నా కాళ్ల దగ్గర ఏడుస్తాడనుకున్నాను. "మంచి మాటన్నవ్ బాపూ" అన్నాడు.

పెళ్లయ్యాక అయినా నిజం చెబుతావా అని మొన్న అడిగాను.

"చెప్తే పిల్లను ఇంటికి తోల్తరు. ఇంకెన్ని దినాలే, జర ఓర్సుకో" అన్నాడు.

పండుగకు రా బిడ్డా. లగ్గం మాటలకని ఎల్లేశం వాళ్లు దసరా దాకా ఇక్కడే ఉంటారు. వాళ్ల ముందు నన్ను బాపూ అని పిలవకు. పిల్లలకు కూడా దారిలోనే నేర్పు. మీ అమ్మ ఫొటో పక్కన నా పడుచునాటి ఫొటోకు దండ వేశారు. జమ్మి ఆకు నా చేతిలో పెట్టాలని దొడ్డి దిక్కు రాకు. ఆ ఫొటో ముందర పెట్టి మొక్కు. అందరూ చూసేటట్టు కాసేపు ఏడువు.

ఇట్లు,
నీ బాపు