ఇల్లు చేరినట్టు రాసుకున్న మనిషి గురించి

ప్రవాసుల ఫిర్యాదుల విభాగం అధికారి గారి సముఖమునకు,

రాచర్ల మండలం ఎర్రమిట్ట గ్రామం, గొర్రెల పెంపకందారు పెద్ద కాటమరాజు భార్య చెంచమ్మ, మార్కాపురంలో అర్జీలు రాసిపెట్టే బ్రహ్మం గారి చేత వ్రాయించి సమర్పించుకొను విన్నపము.

అయ్యా,

విషయం: గల్ఫు దేశపు నిర్బంధ కేంద్రములో నేటికీ ఉన్న నా భర్త, స్వదేశమునకు వచ్చి ఇంటివద్ద ఉన్నట్లుగా రికార్డులలో నమోదై ఉండుటను సరిచేయించుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని విన్నవించుకొనునది ఏమనగా:

1. మా మామ గారి నాయన పేరు కాటమరాజు. మా ఇండ్లలో తాత పేరు మనవడికి పెట్టకపోతే ఆ ముసలాయనను మరిచిపోయినట్టే లెక్క. కనుక పెద్ద కొడుకు తన బిడ్డకు ఆ పేరే పెట్టాడు, చిన్న కొడుకు నేనేం తక్కువా అని తన బిడ్డకూ అదే పెట్టాడు. మొదటివాడు మా ఆయన, రెండోవాడు మా మరిది, మల్లి మొగుడు. ఇంటిపేరు ఒకటి, ఊరు ఒకటి. పెద్దకాటం, చిన్నకాటం అంటే మా ఊరిలో మేకపిల్లకు కూడా తెలుసు. పాస్‌పోర్టులో మాత్రం పెద్ద, చిన్న అని రాయరంట. తండ్రుల పేర్లు వేరు, పుట్టిన తేదీలు వేరు, ఫోటోలు వేరు. అవి చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది.

2. సదరు ఇద్దరూ ఒకే ఏజెంటు ద్వారా గల్ఫుకు వెళ్లి, ఒకే యజమాని గొర్రెలు కాచినారు. ఆ యజమాని వారి పాస్‌పోర్టులు దాచిపెట్టుకొని తిండి కూడా సరిగా పెట్టనందున ఎడారిలోంచి బయటపడి రోడ్డెక్కారు. అక్కడి పోలీసులు పట్టుకొని నిర్బంధ కేంద్రంలో వేశారు. అటు పిమ్మట మన దేశం వారు దయతలచి ఇద్దరికీ ఇంటికి రావడానికి అవుట్‌పాసులు, అనగా ఒక్క ప్రయాణానికి చెల్లే కాగితాలు, తయారు చేయించారు. ఇంతవరకు ఎవరి మీదా నాకు ఫిర్యాదు లేదు.

3. విమానం రోజున అక్కడి ఉద్యోగి గేటు దగ్గర నిలబడి "కాటమరాజు" అని ఒక్కసారి పిలిచాడు. ఇద్దరూ లేచారు. మా ఆయన తమ్ముడి వీపు మీద చెయ్యేసి ముందుకు తోశాడు. "ఒరే చిన్నోడా, నువ్వు పోరా ముందు. మల్లికి నెలలు నిండినాయి. ఇద్దరికీ కాగితాలు వచ్చినాయి గదా, నన్ను మళ్ల పిలుస్తారులే" అన్నాడంట. ఆ ఉద్యోగి తీసి ఇచ్చింది మా ఆయన కాగితం. మరిదికి ఇంగ్లీషు రాదు. గేటులో ఒకరు, విమానం ఎక్కేచోట ఒకరు, దిగినచోట మనవాళ్లలో ఒకరు ముద్రలు వేశారు. ఏ ఒక్కరూ తలెత్తి ముఖం చూడలేదు. మా ఆయనను మళ్లీ పిలవలేదు. పోయి అడిగితే, వేలిముద్ర వేయించి చూసి, "ఈ వేలిముద్ర గల మనిషి వెళ్లిపోయినట్టు ఉంది" అన్నారంట. మిగిలిన కాగితం మీద ఉన్నది తమ్ముడి ఫోటో గనుక అది చెల్లదంట. మనిషికి మంచితనం ఉండాలి గానీ ఇంత ఉండకూడదు. ఈ మాట అర్జీలో వద్దమ్మా అని బ్రహ్మం గారు అన్నారు. ఇక్కడ కాకపోతే ఎక్కడ చెప్పుకోను, రాయండి అన్నాను.

4. నేను పెట్టుకున్న మొదటి అర్జీ మీద విచారణకు ఒక పోలీసాయన మా ఊరు వచ్చారు. ఆ సమయమున మా మరిది గొర్రెల దొడ్డిలో కంప సర్దుతున్నాడు.

"ఏమ్మా, ఈయన కాటమరాజేనా?"

"అవును సార్."

"గల్ఫు నుంచి వచ్చినాడా?"

"వచ్చినాడు సార్, కానీ..."

"వచ్చినాడు గదా, ఇంకేంది మళ్ల అర్జీలు?"

నేను వెంటపడి చెప్తూనే ఉన్నాను. ఆయన మరిదిని ఫోటో తీసుకొని, నా వేలిముద్ర వేయించుకొని, మనిషి దొరికినాడని రాసుకొని బండెక్కారు. నేను ఆడిన ప్రతి మాటా నిజమే. నిజం చెప్పి ఇంత చెడినదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటాను.

5. దరిమిలా రేషను కార్డు కుటుంబ వివరాలలో మా మరిదిని నా ఇంటి యజమానిగా ఎక్కించారు. మల్లి కార్డులో మాత్రం ఆమె భర్త ఇంకా పరదేశంలోనే ఉన్నాడు. ఆయన ముంగిట్లో కూర్చొని చంటిబిడ్డను ఆడించుకుంటుంటే, రికార్డు ప్రకారం ఎడారిలో ఉన్నట్టు. ఊరివాళ్లకు ఇది తమాషా అయింది. బోరింగు కాడ ఒకామె, "ఏందే చెంచమ్మా, ఈ పూట సంగటి ఎవరింట్లో తింటాడు మీ కాటం?" అంది. బిందె అక్కడే కింద పడేసి వచ్చాను. అయ్యా, నా మరిదికి నేను తల్లి తర్వాత తల్లిని.

6. రికార్డు దిద్దాలంటే, వేరొకరి కాగితం మీద ప్రయాణం చేశానని మా మరిది రాసివ్వాలని, ఇచ్చినచో ఆయన మీద కేసు కట్టవలసి ఉంటుందని ఆఫీసులో ఒకరు సెలవిచ్చారు. ముద్ర వేసినవారి మీద ఏమైనా ఉంటుందా సార్ అని అడిగాను. వారెవరో రికార్డులో ఉండదు అన్నారు.

మరిది వెంటనే, "రాస్తా వదినా. అన్న రావాల గదా" అన్నాడు. బ్రహ్మం గారు కాగితం సిద్ధం చేశారు. మల్లి బిడ్డను చంకనేసుకొని వెనకాలే వచ్చి నిలబడింది. "అక్కా, నీ మొగుణ్ణి తెచ్చుకునేదానికి నా మొగుణ్ణి పట్టిస్తావా?" అంది. గట్టిగా కూడా అనలేదు. నాకు ఒళ్లు మండింది. నీ మొగుడు వచ్చింది ఎవరి పుణ్యాన అని నోటిదాకా వచ్చింది. బిడ్డ నా కొంగు పట్టుకొని గుంజింది. ఆ కాగితం బ్రహ్మం గారి చేతిలోంచి లాక్కొని నేనే చించేశాను. చించి నేను చేసింది ఒప్పో తప్పో నాకు తెలియదు. ఆ రోజు నుంచి మల్లి ముఖం నేను చూడలేకపోతున్నాను, నా ముఖం ఆమె చూడలేకపోతోంది.

కావున తాము దయతో, నా మరిది మీద కేసు లేకుండా, నా భర్త రాక తప్పుగా నమోదైనదని నిర్ధారించి, ఆయనకు మరొక అవుట్‌పాసు ఇప్పించవలెనని వేడుకొనుచున్నాను. ఏ ఆఫీసుకు పోయినా ఇది మాది కాదన్నవారే గనుక, తిరిగి తిరిగి తమ గుమ్మమే చివరిదని వచ్చినదానినని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
చెంచమ్మ (వేలిముద్ర)

మరొక మనవి: వేలిముద్ర వేసిన తర్వాత ఈమె భర్త నుంచి ఫోను వచ్చినది. ఈ కింది మాటలు ఈమె చెప్పినవి చెప్పినట్టే రాయడమైనది. నేను దిద్దలేదు. బ్రహ్మం.

సారూ, తింటివా అని అడిగితే "తిన్నాలే" అన్నాడు. ఆయన అట్ల అన్నాడంటే తినలేదని. గట్టిగా అడిగితే పక్కనున్నాయన ఫోను తీసుకొని చెప్పినాడు. ఆడ అన్నానికి పేర్లు చదివి పిలుస్తారంట. మా ఆయన ఇంటికి పోయినాడని రాసుకున్నారు గదా, ఆయన పేరు చదవరంట. పక్కనోళ్లు తలా ఒక ముద్ద తీసి పెడితే తింటున్నాడంట. ఆ పక్కనోళ్లు ఒక్కొక్కరే ఇండ్లకు పోతున్నారు సారూ. ఈ చెప్పినాయన కూడా రేపో మాపో పోతాడంట. నాతో చెప్పుకుంటా ఏడ్చినాడు.

పైన రాసిందంతా తర్వాత చూడండి. ఇంటికి పంపమని ఇప్పుడు అడగను. మా ఆయన ఆడ ఖైదులో ఉండాడని, ముందు అది ఎవరితోనన్నా రాయించండి సారూ.